ఫైల్ తెరిచేటప్పుడు వచ్చే హెచ్చరికల అర్థమేమిటి?

ఒక వ్యవస్థలో తయారైన డేటా ఫైల్‌ను మరో వ్యవస్థలో తెరిచినప్పుడు తెరపై కనిపించే హెచ్చరికను చాలామంది చదవకుండానే ‘ఎస్’ నొక్కేస్తారు. ఫైల్‌ను తిరిగి సేవ్ చేస్తే అందులో ఏది మిగలదో తెలిపేది తరచూ ఆ సందేశమే.

ఫార్మాట్ల పరిమితిని గమనించకపోతే ఏమవుతుందో 2020లో బ్రిటన్‌కు అనుభవమైంది. ప్రయోగశాలలు సీఎస్‌వీ ఫైళ్లుగా పంపిన కొవిడ్ ఫలితాలను పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోకి చేర్చేది. అందులో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. దాంతో సెప్టెంబర్ 25, అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లో చేరలేదు. బాధితులకు ఫలితం అందినా, వారితో సన్నిహితంగా మెలిగినవారిని గుర్తించడం ఆలస్యమైంది.

ఏ సందేశానికి ఏ అర్థం?

‘ఫైల్ ఫార్మాట్, ఎక్స్‌టెన్షన్ సరిపోలడం లేదు’: ఫైల్ పేరు చివర ఉన్న రకం ఒకటి, లోపల ఉన్నది మరొకటి. కొన్ని పోర్టళ్లు వెబ్ పట్టికనే ఎక్స్‌ఎల్‌ఎస్ పేరుతో అందిస్తాయి. పంపినవారు నమ్మదగినవారైతేనే తెరవాలి.

‘ఫైల్ పూర్తిగా లోడ్ కాలేదు’: వరుసలు షీటు పరిమితిని మించాయి. ప్రస్తుత ఎక్సెల్‌లో ఆ పరిమితి 10,48,576. అదే పేరుతో సేవ్ చేస్తే మిగిలిన వరుసలు శాశ్వతంగా పోతాయి.

కంపాటిబిలిటీ చెకర్ నివేదిక: పాత ఫార్మాట్‌లో సేవ్ చేసేటప్పుడు వస్తుంది. స్వల్ప నష్టమంటే సాధారణంగా రూపురేఖల్లో మార్పు. గణనీయ నష్టమంటే డేటా తొలగిపోవచ్చు, సూత్రాలు పనిచేయకపోవచ్చు.

హెచ్చరిక లేని నష్టం

సీఎస్‌వీ ఫైల్‌ను నేరుగా తెరిస్తే ఎక్సెల్ ఖాతా నంబర్లను సాధారణ సంఖ్యలుగా భావిస్తుంది. ముందున్న సున్నాలు తొలగిపోతాయి. 15 అంకెల తర్వాతవన్నీ సున్నాలవుతాయి. కొత్త వెర్షన్లు ఇటువంటి మార్పులకు ముందు అనుమతి అడుగుతున్నా, పాతవి మౌనంగా మార్చేస్తాయి. లబ్ధిదారుల జాబితాలో ఇలా జరిగితే సొమ్ము వారికి చేరకపోవచ్చు. తెలుగు పేర్లు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తే, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ను ప్రోగ్రామ్ గుర్తించలేదని అర్థం. సేవ్ చేయనంతవరకు మూల ఫైల్‌లోని అక్షరాలు భద్రమే.

పరిష్కారం

ఇటువంటి ఫైల్‌ను ‘డేటా’ మెనూలోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెరవాలి. అక్కడ యూటీఎఫ్-8ను ఎంచుకుని, డేటా రకాలను గుర్తించవద్దని సూచిస్తే అంకెలు ఉన్నవి ఉన్నట్లే వస్తాయి. మార్పులు చేసే ముందు మూల ఫైల్ నకలు విడిగా ఉంచుకుని, వరుసల సంఖ్యను పంపినవారి లెక్కతో సరిచూసుకోవాలి.