మీ కార్డు మీ అమ్మకు పనికిరాదు

చెర్రీ పూల కాలం దగ్గరపడిందంటే టోక్యోలో, ముఖ్యంగా మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయి వైపు, ఊరి నుంచి అమ్మానాన్నలు దిగే హడావుడి మొదలవుతుంది. దాంతోపాటే ఒక మాట కూడా చక్కర్లు కొడుతుంది: "ట్రావెల్ ఇన్సూరెన్స్ దండగ, జపాన్‌లో అందరికీ ఆరోగ్య బీమా ఉంది, పేరెంట్స్‌ని డిపెండెంట్లుగా పెట్టుకుంటే మన కార్డు మీదే వైద్యం." జపాన్‌లో 1961 నుంచి అందరికీ ఆరోగ్య బీమా ఉన్న మాట నిజమే. కాకపోతే ఆ అందరూ అంటే అక్కడ నివాసం నమోదైనవాళ్లు. 90 రోజుల వీసా మీద వచ్చిన అత్తగారికి రెసిడెన్స్ కార్డు ఉండదు, వార్డు ఆఫీసులో చిరునామా ఎక్కదు. కాబట్టి జాతీయ ఆరోగ్య బీమాలో చేరే దారే లేదు. ఈ చిన్న సంగతి కనుక్కోకుండానే బీపీ, షుగరు ఉన్న అరవై ఏళ్లు దాటినవాళ్లను ఏ పాలసీ లేకుండా విమానం ఎక్కిస్తున్నారు.

ఈ అపోహ ఇంత మొండిగా బతకడానికి కారణం 'డిపెండెంట్' అన్న ఒక్క మాట. జపాన్‌లో దానికి మూడు చోట్ల మూడు అర్థాలు. ఆదాయపు పన్ను దగ్గర ఇండియాలో ఉన్న తల్లిదండ్రులను కూడా డిపెండెంట్లుగా చూపించి మినహాయింపు పొందవచ్చు. 2023 నుంచి 30–69 ఏళ్ల మధ్యవాళ్లయితే సాధారణంగా ఒక్కొక్కరికి ఏడాదికి కనీసం 3,80,000 యెన్లు పంపినట్టు కాగితాలు ఉండాలి, అంతే తేడా. ఉద్యోగుల ఆరోగ్య బీమాలో ఒకప్పుడు విదేశంలో ఉన్న తల్లిదండ్రులను చేర్చడం కుదిరేది. 2020 ఏప్రిల్ నుంచి డిపెండెంటు జపాన్‌లోనే నివాసం ఉండాలన్న నిబంధన వచ్చింది. అంటే పాత సీనియర్లు చెప్పేది అబద్ధం కాదు, చెల్లిపోయిన నిజం. ఇక వీసా దగ్గరికొస్తే డిపెండెంట్ వీసా భార్యకో భర్తకో, పిల్లలకో మాత్రమే ఇస్తారు. అమ్మానాన్నల పేరు అందులో లేదు. పన్ను కాగితం మీద మీకు డిపెండెంట్ అయిన నాన్నగారే ఆస్పత్రి కౌంటర్ దగ్గర వట్టి టూరిస్టు. మీ కార్డు చూపించి నెట్టుకొద్దామనుకునే తెలివి కూడా సాగదు. బీమా ఇప్పుడు మైనంబర్ అనే గుర్తింపు కార్డులోకి చేరింది, కౌంటర్ దగ్గరి యంత్రం ముఖం చూసి పోల్చుకుంటుంది. సాగినా దాన్ని మోసమనే అంటారు.

దీనికి వచ్చే ఎదురుమాట ఎప్పుడూ ఒకటే. ఫలానావాళ్ల అమ్మగారికి జ్వరమొస్తే వీధి చివర క్లినిక్‌లో చూపించారు, కొన్ని వేల యెన్లతో తేలిపోయింది కదా అని. తేలిపోతుంది. జ్వరానికి భయపడి ఎవరూ ఇన్సూరెన్స్ తీసుకోరు. నిక్కోలోని తోషోగు ఆలయంలో షోగన్ తొకుగావా ఇయెయాసు సమాధి దగ్గరికి 207 రాతిమెట్లు ఎక్కాలి. అక్కడ కాలు జారి తుంటి ఎముక విరిగితే ఏమిటన్నదే లెక్క. జపాన్‌లో ప్రతి చికిత్సకూ ప్రభుత్వం ఇన్ని పాయింట్లని నిర్ణయించింది, బీమా కింద పాయింటుకు 10 యెన్లు. ఆపరేషనూ మంచం ఖర్చూ కలిసి లక్ష పాయింట్లయ్యాయి అనుకుందాం, అంటే 10 లక్షల యెన్లు. అదే మీకైతే 30 శాతం కడతారు, దానికీ నెలకు ఇంతకు మించదని పరిమితి ఉంది గనుక ఇంకా తగ్గుతుంది. అమ్మకైతే మొత్తం కట్టాలి. పైగా బీమా లేని రోగి దగ్గర ఆ 10 యెన్ల రేటుకు కట్టుబడాల్సిన పని ఆస్పత్రికి లేదు. విదేశీ సందర్శకుల దగ్గర పాయింటుకు 20, 30 యెన్లు తీసుకునే ఆస్పత్రులున్నాయి. 30 చొప్పునైతే 30 లక్షలు, ఆపైన 10 శాతం వినియోగ పన్ను. అంబులెన్సు ఉచితం కదా అని మరో వాదన. ఉచితమే, 119కి ఫోన్ చేస్తే ఎవరికైనా వస్తుంది. అది తీసుకెళ్లి దింపేది బిల్లు వేసే ఆస్పత్రి దగ్గరే. ఎగ్గొట్టి విమానం ఎక్కేద్దామనే మహానుభావులు ఇంకో సంగతి తెలుసుకోవాలి. 2021లో 2 లక్షల యెన్లు, అంతకుమించిన బాకీలతో మొదలుపెట్టి, బిల్లు కట్టని సందర్శకుల వివరాలు ఇమ్మిగ్రేషన్‌కు చేరుతున్నాయి. రెండో మనవరాలి బారసాలకు వచ్చిన అమ్మమ్మను ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపవచ్చు.

ఒక్క విషయం ఒప్పుకోక తప్పదు. తల్లిదండ్రులను ఎక్కువకాలం ఉంచుకోవడం బొత్తిగా అసాధ్యమన్నది కూడా అపోహే. హైలీ స్కిల్డ్ ప్రొఫెషనల్ హోదా ఉండి, భార్యాభర్తల ఆదాయం కలిపి ఏడాదికి 80 లక్షల యెన్లకు తగ్గకుండా ఉంటే, ఏడేళ్లలోపు బిడ్డను చూసుకోవడానికో గర్భిణికి తోడుగానో అమ్మానాన్నలను రప్పించుకోవచ్చు. ఒకే ఇంట్లో కలిసి ఉండాలి. అప్పుడు రెసిడెన్స్ కార్డూ వస్తుంది, బీమాలో చేరే దారీ తెరుచుకుంటుంది. అయితే అమ్మాయి తరఫువాళ్లో అబ్బాయి తరఫువాళ్లో ఒక పక్షమే రావాలి. వియ్యాలవారి మధ్య ఆ తగువు తీర్చే నిబంధన మాత్రం జపాన్ ప్రభుత్వం రాయలేదు.

మిగతా అపోహలకు తలా ఒక ముక్క చాలు. వచ్చాక వీసా పొడిగించుకోవచ్చంటారు. ఆస్పత్రిలో పడటం లాంటి తప్పనిసరి కారణం ఉంటే తప్ప కుదరదు. రైల్ పాస్ కొంటే డబ్బు మిగులుతుందంటారు. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి 50,000 యెన్లయింది, టోక్యో–క్యోటో రానుపోను షింకన్‌సెన్ ఛార్జీ 28 వేల చిల్లర. పైగా ఆ పాస్ సందర్శకులకే గనుక మీరెలాగూ వేరే టికెట్ కొనాల్సిందే. శాకాహారులకు తిండి దొరకదన్నది అతి, కానీ కూరగాయల సూప్ అన్నంత మాత్రాన అందులో దాషి అనే చేపల రసం ఉండదనుకోవద్దు. మాంసం పచ్చళ్లు ఎంత బాగా ప్యాక్ చేయించినా నిషేధమే, శిక్ష మూడేళ్ల జైలు దాకా, జరిమానా 30 లక్షల యెన్ల దాకా ఉంది.

కాబట్టి టికెట్‌తోపాటే ట్రావెల్ పాలసీ కూడా ఇండియాలోనే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందా, ప్రాణాపాయం వస్తేనే ఇస్తారా అన్న భాగాన్ని ఏజెంటు మాట మీద వదిలేయకుండా చదవండి. నాన్నగారి గుండె, అమ్మ షుగరు ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. డాక్టరు రాసిన మందులు సాధారణంగా ఒక నెలకు సరిపడానే ఏ అనుమతీ లేకుండా తెచ్చుకోవచ్చు. మూడు నెలలకు సరిపడా తేవాలంటే బయల్దేరేముందే యున్యు కకునిన్‌షో అనే దిగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. ప్రిస్క్రిప్షన్‌లో బ్రాండు పేరుతోపాటు మందు అసలు పేరు కూడా ఇంగ్లీషులో రాయించండి. మన బ్రాండు పేరు చెబితే అక్కడి డాక్టరుకు అదేం మందో తెలియకపోవచ్చు.