బ్రామ్స్ క్లారినెట్ క్వింటెట్: వాద్యాల సమస్థితి

ఉపోద్ఘాతం

విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వంటి పాత వీధుల వెంట సాగే పెళ్లి ఊరేగింపుల వల్ల క్లారినెట్ నాదం తెలుగువారికి పరిచితమే. బ్యాండు మేళంలో అది డప్పుల, బాకాల మోతను దాటి వినిపించాలి. అదే వాద్యాన్ని రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లోల నడుమ సమానస్థాయిలో నిలిపిన రచన యోహన్నెస్ బ్రామ్స్ (1833-1897) క్లారినెట్ క్వింటెట్. అందులోని వాద్యాల పరస్పర సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

రచనా నేపథ్యం

1890లో ఓపస్ 111 ముగించాక బ్రామ్స్ ఇక స్వరరచన చాలించాలని భావించారు. 1891 మార్చిలో మైనింగెన్ ఆస్థాన వాద్యబృందంలోని రిచర్డ్ మ్యూల్‌ఫెల్డ్ వాదనం విన్న తరువాత ఆ నిర్ణయం సడలింది. మ్యూల్‌ఫెల్డ్ మొదట అదే బృందంలో వయొలిన్ వాయించేవారు. క్లారినెట్‌ను స్వయంకృషితో అభ్యసించారు. ఆ వేసవిలోనే బాద్ ఇష్ల్‌లో ఓపస్ 115గా ఈ రచన రూపొందింది. 1891 డిసెంబరు 12న బెర్లిన్‌లో యోఆహిమ్ బృందంతో కలిసి మ్యూల్‌ఫెల్డ్ దీనిని బహిరంగంగా వినిపించారు.

వాద్య స్వభావం

సన్నాయి గొట్టం కిందికి పోనుపోను వెడల్పవుతుంది. అందువల్ల ఊదే తీరు మార్చినప్పుడు అదే స్వరం పైస్థాయిలో పలుకుతుంది. క్లారినెట్ గొట్టం చాలామేరకు ఒకే వ్యాసంతో ఉంటుంది. కనుక షడ్జం పలికిన చోటు నుండి అది నేరుగా పైస్థాయి పంచమానికి దాటుతుంది. ఈ కారణంగా దాని కింది, పై స్థాయుల నాదగుణాలు స్పష్టంగా భిన్నమైనవి. గంభీరమైన కింది స్వరాలను వయోలా, చెల్లోలతో కలపడానికి, పై స్వరాలను వయొలిన్లతో సంభాషింపజేయడానికి బ్రామ్స్ ఈ భేదాన్ని వినియోగించుకున్నారు.

రచనా విశేషం

ఈ రచనలో నాలుగు భాగాలున్నాయి. మొదటి భాగాన్ని వయొలిన్లు ఆరంభిస్తాయి. క్లారినెట్ కింది నుండి పైకి లేస్తూ వాటి మధ్యకు వస్తుంది. రెండవ భాగంలో తంత్రీవాద్యాల నాదాన్ని అణచి ఉంచుతారు. దాని మధ్యఖండంలోని క్లారినెట్ సంచారం ఆలాపనను తలపిస్తుంది, కాని అందులోని ప్రతి స్వరమూ ముందే లిఖితమైనది. చివరి భాగం ఒకే వరుసకు వైవిధ్యాల కూర్పు. దాని ముగింపులో మొదటి భాగపు ఆరంభస్వరాలు తిరిగి వినిపిస్తాయి.

ముగింపు

విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) ఏకవాద్య కచేరీల ద్వారా పక్కవాద్యమైన వయొలిన్‌కు ప్రధానస్థానం కల్పించారు. బ్రామ్స్ మార్గం వేరు. ఇక్కడ ఒక వాద్యం పైకి రావడానికి మరొకటి వెనక్కు తగ్గనవసరం లేదు. ప్రధాన, పక్కవాద్యాల విభజనే తొలగింది. వింటున్నప్పుడు క్లారినెట్‌ను మాత్రమే కాక, అది ఏ వాద్యంలో కలిసిపోతున్నదో గమనించినప్పుడే ఈ రచన పూర్తిగా బోధపడుతుంది.