ముసలి కుక్క కుంటుతోందా? మన నొప్పి మాత్ర మాత్రం వేయొద్దు

గేటు చప్పుడైతే చాలు ఒక్క ఉదుటున లేచి మొరిగే కుక్క, ఎనిమిదేళ్లు దాటాక పడుకున్నచోటే తలెత్తి చూస్తుంది. పొద్దున లేచేటప్పుడు ముందుకాళ్ల మీద ఆగి, వెనక భాగాన్ని మెల్లగా పైకి లాక్కుంటుంది. నాలుగడుగులు నడిచాక కాస్త సర్దుకుంటుంది. ‘ముసలిదైంది, బద్ధకం ఎక్కువైంది’ అని ఇంట్లో అనుకుంటారు. చాలాసార్లు దాని అసలు కారణం కీళ్ల నొప్పి.

తోటకో, మేకల దొడ్డికో, ఇంటికో కాపలాగా కుక్కను పెట్టుకున్న ముస్లిం కుటుంబాలు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఉన్నాయి. ఏళ్లతరబడి కాపలా కాసిన జీవి ముసలితనంలో నొప్పితో పడి ఉంటే చూసుకోవాల్సింది పెంచినవాళ్లే. దాహంతో ఉన్న కుక్కకు బావిలో నీళ్లు తోడి పట్టినందుకు అల్లాహ్ మన్నించిన మనిషి గురించిన హదీసు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

ఎముకలు కలిసేచోట వాటి చివర నున్నటి మెత్తటి పొర ఉంటుంది. వయసుతో అది అరుగుతుంది. ఎముకల మధ్య ఒరిపిడి పెరిగి, కీలు వాచి, నొప్పి మొదలవుతుంది. మన నానీ, దాదీల మోకాళ్లలో జరిగేదీ ఇదే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో తుంటి కీలు ఎదిగే వయసులోనే సరిగా కుదరకపోవడం ఎక్కువ, అందుకే వాటికి నొప్పి తొందరగా వస్తుంది. ఊరకుక్కల్లో ఎప్పుడో బండి తగిలి విరిగిన కాలు ముసలితనంలో బాధపెడుతుంది. ఈ నొప్పికి కుక్క కుయ్యోమని ఏడవదు. మెట్లెక్కడం మానేస్తుంది, ఒకే కీలును పదే పదే నాకుతుంది, నడుం మీద చెయ్యి వేస్తే గుర్రుమంటుంది. వెనక తొడలు సన్నబడతాయి.

ఇలాంటప్పుడు చాలామంది చెయ్యి ముందుగా ఇంట్లో ఉన్న మందుల డబ్బా మీదకే పోతుంది. పెద్దవాళ్ల కోసం తెచ్చిన ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రను రొట్టెముక్కలో చుట్టి పెట్టేస్తారు. ఈ పని అస్సలు చేయొద్దు. కుక్క శరీరం ఆ మందులను మన శరీరంలా బయటకు పంపలేదు. కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతులు, నల్లటి విరేచనం, తిండి మానేయడం దానికి గుర్తులు. పారాసిటమాల్ మోతాదు మించితే లివర్ పోతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరీ జాగ్రత్త, దానికి ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఒక జీవికి మందైనది ఇంకోదానికి విషమవుతుందనడానికి రాబందులే సాక్ష్యం. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని అవి లక్షల్లో చనిపోయాక, 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో ఆపేశారు.

పొరపాటున మాత్ర మింగితే వాంతులయ్యేదాకా ఆగకుండా, ఆ మాత్రల షీటు చేతపట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నొప్పి బామ్‌లు, స్ప్రేలు కూడా వద్దు. రాసిన నిమిషంలో కుక్క నాకేస్తుంది, వాటిలోని కర్పూరం లాంటివి కడుపులోకి పోతాయి.

మరి ఇంట్లో ఏం చేయొచ్చు? అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది బరువు తగ్గించడం. పైసా ఖర్చు లేదు, కానీ ఇంటిల్లిపాదీ మాట మీద నిలబడాలి కాబట్టి ఇదే కష్టం. అమెరికాలో 48 లాబ్రడార్‌లను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. 2002లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల అరుగుదలా వాటికి ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికే లావైన కుక్క కూడా ఒంటి బరువులో 6 శాతం తగ్గితే కుంటడం తగ్గుతుందని మరో పరిశీలనలో తేలింది. అంటే 30 కిలోల కుక్కకు రెండు కిలోల లోపే. పక్కటెముకలు చూపుకు ఆనకపోయినా, మెల్లగా తడిమితే చేతికి తెలియాలి. తెలియకపోతే బరువెక్కువే.

మన ఇళ్లలో కుక్క లావెక్కేది దస్తర్‌ఖాన్ ఎత్తాక మిగిలినదాంతోనే. బిర్యానీ, దాల్చా, రొట్టెలు అన్నీ దాని గిన్నెలోకే వెళ్తాయి. నూనె సంగతి అటుంచితే, ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. బక్రీద్ రోజున కొవ్వు ముక్కలన్నీ దానికే వేస్తే క్లోమం వాచి ప్రాణం మీదకి వస్తుంది. రోజుకు ఎంత పెట్టాలో ఒక గిన్నెతో కొలిచి పెట్టండి. ఇంట్లో తలా ఒకరు పెట్టకుండా ఒక్కరే పెట్టడం మేలు.

తర్వాత నేల. టైల్స్, గ్రానైట్ మీద ముసలి కుక్క కాళ్లు జారుతాయి. జారకుండా బిగబట్టుకోవడంలోనే నొప్పి రెట్టింపవుతుంది. అది తిరిగే దారిలో గోనెసంచులో, కొబ్బరి పీచు పట్టాలో పరిస్తే నడక ఆరోజే మారుతుంది. గోళ్లు పెరిగినా కాలు సరిగా ఆనదు, కత్తిరించాలి. పడుకోవడానికి సిమెంటు నేల మీద మందపాటి బొంత వేయాలి. ఆదిలాబాద్ వైపు డిసెంబర్ చలిలో దాన్ని వరండాలో వదిలేస్తే పొద్దున లేవలేదు. గడప ఎత్తుగా ఉంటే చెక్కపలక ఒకటి వాలుగా పెడితే సరి.

నడక మానిపించొద్దు. పగలంతా గొలుసుతో కట్టేసి రాత్రి వదిలే అలవాటు ముసలి కీళ్లకు చాలా చెడ్డది, బిగుసుకుపోతాయి. రోజుకు మూడుసార్లు పదేసి నిమిషాలు మెల్లగా తిప్పాలి. ఎండాకాలంలో ఫజర్ తర్వాత, మగ్రిబ్ తర్వాత అయితే రోడ్డు కాలదు. బంతి విసిరి పరుగెత్తించడం ఇక ఆపేయాలి.

వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలుతో కీలుకు పది నిమిషాలు కాపడం పెడితే హాయిగా ఉంటుంది. ముందు మన మణికట్టు మీద పెట్టి చూసుకోవాలి. కీలు వాచి ఎర్రగా, వేడిగా ఉంటే కాపడం వద్దు. నొప్పిలో ఎంత మంచి కుక్కైనా కరవొచ్చు, పిల్లలను దూరంగా ఉంచండి. లాలాజలం అంటితే పాకీ పోతుందని వెనకాడేవాళ్లు దానికంటూ వేరే తువ్వాలు, గిన్నె, చేతికి గ్లౌజులు పెట్టుకుంటే పని సులువవుతుంది. కడుక్కునే వివరాల్లో మజ్‌హబ్‌ల మధ్య తేడాలున్నాయి, మీ ఉలమాను అడగండి.

పసుపు, గ్లూకోసమైన్ గురించి గట్టిగా చెప్పేంత ఆధారాలు లేవు. చేపనూనె కొంత మేలు, మోతాదు మాత్రం డాక్టర్ చెప్పాలి. కుక్కలకని ఇచ్చే కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్ లాంటి మందులు ఉన్నాయి. వాటిని కూడా బరువు చూసి, అవసరమైతే రక్తపరీక్ష చేసి డాక్టరే రాయాలి.

కుంటే ప్రతి కుక్కదీ కీళ్ల అరుగుదల అనుకోవద్దు. పిడుదులు, కొన్నిచోట్ల గోమార్లు అంటారు, వాటి వల్ల వచ్చే జ్వరంలోనూ కీళ్లు వాస్తాయి. కాలు అసలే ఆనించకపోయినా, ఎముక మీద గట్టి వాపు కనిపించినా, జ్వరం ఉన్నా ఇంటి చిట్కాలతో కాలం గడపొద్దు. మండలంలోని ప్రభుత్వ పశువైద్యశాలలో కుక్కలను కూడా చూస్తారు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లో పెద్ద డాక్టర్లుంటారు. ఆసుపత్రిలో బెదురుకి కుక్క కుంటడం మర్చిపోయి మామూలుగా నడిచేస్తుంది. అందుకే పొద్దున అది లేచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లి చూపించండి.