హైదరాబాద్ ఎఫ్‌సీ: కప్పు గెలిచిన మూడున్నరేళ్లకే ఊరు వదిలేసిన క్లబ్.. ఫ్యాన్స్ నమ్మకం పోయింది ఓటమి వల్లేనా?

2022 మార్చి 20. గోవాలోని ఫటోర్డా స్టేడియం. ఎటు చూసినా కేరళ బ్లాస్టర్స్ ఫ్యాన్స్ పసుపు జెర్సీలే. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. ఇక అయిపోయిందనుకున్న టైమ్‌లో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన షాట్‌తో స్కోరు 1-1. తర్వాత పెనాల్టీ షూటౌట్. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురి కిక్‌లు ఆపేశాడు. 3-1 తేడాతో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్!

ఆ రాత్రి పండగ చేసుకున్న ఫ్యాన్స్‌కి ఇప్పుడు ఆ క్లబ్బే లేదు. 2025 అక్టోబరులో అది ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఇంతకీ ఏం జరిగింది? ఓడిపోతున్న టీమ్‌ని ఫ్యాన్స్ వదిలేశారా, లేక ఫ్యాన్స్‌నే టీమ్ వదిలేసిందా? అసలు మన దేశంలో ఫుట్‌బాల్ లీగ్ మీద నమ్మకం ఎందుకు సడలుతోంది? పూర్తి వివరాలు చూద్దాం.

మనకు క్లబ్ ఎలా వచ్చింది?

ఇక్కడో చేదు నిజం ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. అప్పటిదాకా లీగ్‌లో ఆడుతున్న ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, ఆ స్థానంలో మన టీమ్ వచ్చింది. అంటే పుణె ఫ్యాన్స్ ఏడ్చిన రోజే మనకు పండగైంది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ కూడా భువనేశ్వర్‌కి వెళ్లి ఒడిశా ఎఫ్‌సీగా మారింది. ఆరేళ్లు తిరిగేసరికి ఢిల్లీకి మళ్లీ క్లబ్ వచ్చింది. అది మన దగ్గర్నుంచి వెళ్లిందే!

చిన్నప్పుడు ఆడుకున్న కుర్చీలాట గుర్తుందా? పాట ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరు నిలబడిపోతారు. ఈసారి నిలబడిపోయింది హైదరాబాద్.

ఛాంపియన్లను సొంతూళ్లో చూసింది ఒక్క సీజనే

మొదటి సీజన్ 2019-20లో గచ్చిబౌలి స్టేడియంలో ఆడారు. 18 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. పది జట్లలో పదో స్థానం. కొత్త టీమ్ కదా, నేర్చుకుంటారులే అని ఫ్యాన్స్ సర్దుకున్నారు.

స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ వచ్చాక కథ మారింది. కుర్రాళ్లకు ఛాన్సులిచ్చి టీమ్‌ని నిలబెట్టాడు. కానీ కరోనా వల్ల తర్వాతి రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. బార్తొలోమ్యూ ఒగ్బెచె 18 గోల్స్‌తో చెలరేగిన సీజన్, కప్పు గెలిచిన సీజన్.. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. మనోళ్లు అదంతా టీవీల్లో, ఫోన్లలో చూడాల్సి వచ్చింది.

2022 అక్టోబరులో టీమ్ సొంతగడ్డకు తిరిగొచ్చింది. ఆ సీజన్‌లో లీగ్ పట్టికలో రెండో స్థానం, సెమీఫైనల్లో పెనాల్టీ షూటౌట్‌లో ఓటమి. అంటే ఆ మంచి టీమ్‌ని హైదరాబాద్ జనం కళ్లారా చూసింది ఆ ఒక్క సీజనే. ఆ తర్వాత మార్క్వెజ్ గోవాకి వెళ్లిపోయాడు. అక్కడి నుంచే పతనం మొదలైంది.

జీతాల్లేవు.. ఆటగాళ్లు ఒక్కొక్కరే బయటికి

2023-24 సీజన్ ఫ్యాన్స్‌కి పీడకలే. ఆటగాళ్లకు బకాయిలు కట్టలేదన్న కేసుల్లో కొత్త ప్లేయర్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఉన్నవాళ్లకూ జీతాలు సరిగా అందలేదు. 2024 జనవరి వచ్చేసరికి ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకున్నారు. చింగ్లెన్‌సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరుకి, మహ్మద్ యాసిర్ గోవాకి వెళ్లారు.

మిగిలిన కుర్రాళ్లతో కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో సీజన్ లాక్కొచ్చారు. 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. మొత్తం 8 పాయింట్లు. పట్టికలో అట్టడుగున.

తర్వాత బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. కొత్త యజమానులు వచ్చారు, ఇక గాడిన పడుతుందని ఆశపడ్డారు. కానీ 2024-25లోనూ 13 జట్లలో 12వ స్థానమే. 24 మ్యాచ్‌ల్లో నాలుగు విజయాలు. ఆ సీజన్ అయిన కొద్ది నెలలకే క్లబ్ ఢిల్లీ దారి పట్టింది.

ఓడితే వదిలేస్తారా? బెంగాల్‌ని చూడండి

గెలవకపోతే ఫ్యాన్స్ రారు, అందుకే క్లబ్‌లు నిలబడవు.. ఇది తరచుగా వినిపించే మాట. కానీ నిజం అది కాదు.

కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌నే తీసుకోండి. 2004 తర్వాత రెండు దశాబ్దాల పాటు జాతీయ లీగ్ టైటిల్ లేదు. ఐఎస్ఎల్‌లో చేరాక తొలి ఐదు సీజన్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. అయినా మోహన్ బగాన్‌తో డెర్బీ అంటే స్టేడియం ఎరుపు పసుపు జెండాలతో నిండిపోవాల్సిందే. ఎందుకంటే 1920లో పుట్టిన ఆ క్లబ్ ఎక్కడికీ పోదని వాళ్లకు తెలుసు. ఈ ఏడాది ఓడితే వచ్చే ఏడాది చూసుకుందాం అంటారు.

కేరళ బ్లాస్టర్స్ మూడుసార్లు ఐఎస్ఎల్ ఫైనల్‌కి వెళ్లి మూడుసార్లూ ఓడింది. ఫ్యాన్స్ మాత్రం పోలేదు. వాళ్లకు కోపం వచ్చింది మేనేజ్‌మెంట్ తీరు మీద. 2025 జనవరిలో అక్కడి అభిమానుల సంఘం మంజప్పడ బాహాటంగానే నిరసనకు దిగింది.

అంటే ఏంటి? ఓటమిని ఫ్యాన్ ఓర్చుకుంటాడు. "వచ్చే ఏడాది" అనే మాట లేకపోతేనే ఓర్చుకోలేడు. హైదరాబాద్‌లో పోయింది సరిగ్గా అదే.

లీగ్ పరిస్థితే గాలిలో దీపం

ఒక్క క్లబ్‌నే తప్పుపట్టి లాభం లేదు. లీగ్ నడిచే పద్ధతి కూడా అర్థం చేసుకోవాలి.

2010లో ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ తన కమర్షియల్ హక్కులను 15 ఏళ్లకు ఒకే ప్రైవేటు సంస్థకు ఇచ్చింది. ఒప్పందం విలువ 700 కోట్ల రూపాయలు. ఈ ఒప్పందం మీదే 2014లో ఐఎస్ఎల్ మొదలైంది. లీగ్‌ని నడిపే ఎఫ్‌ఎస్‌డీఎల్ చేతిలోనే ప్రసారాలు, స్పాన్సర్లు, షెడ్యూల్ అన్నీ ఉండేవి.

ఆ గడువు 2025 డిసెంబరు 8తో ముగిసింది. ముగుస్తుందని 15 ఏళ్ల ముందే తెలుసు. అయినా తర్వాత ఏంటన్నది ఎవరూ తేల్చలేదు. ఒకపక్క ఫెడరేషన్ రాజ్యాంగంపై అప్పట్లో సుప్రీంకోర్టులో కేసు నడిచింది. దీంతో 2025 జులైలో ఎఫ్‌ఎస్‌డీఎల్ సీజన్‌ని హోల్డ్‌లో పెట్టేసింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ ఫస్ట్ టీమ్ ఆటగాళ్లు, సిబ్బంది జీతాలు నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. అక్టోబరులో ఫెడరేషన్ కొత్త హక్కుల కోసం టెండర్ పిలిస్తే, నవంబరు 7 గడువుకి ఒక్క బిడ్డూ రాలేదు. ఒక్కటీ! చివరికి 2026 జనవరిలో ఆటగాళ్లే వీడియో చేసి, జోక్యం చేసుకోమని ఫిఫాను వేడుకోవాల్సి వచ్చింది.

కేంద్ర క్రీడాశాఖ కలగజేసుకున్నాక 2026 ఫిబ్రవరి 14 నుంచి లీగ్ మొదలైంది. 14 క్లబ్‌లు, 91 మ్యాచ్‌లు. ఒక్కో టీమ్ మరో టీమ్‌తో ఒక్కసారే ఆడేలా సీజన్‌ని కుదించేశారు. కిందటి సీజన్‌లో ఒక్కో జట్టు 24 మ్యాచ్‌లు ఆడితే, ఇప్పుడు 13. ఆ 14 పేర్ల జాబితాలో హైదరాబాద్ లేదు.

ఫ్రాంఛైజీ మోడల్‌లో లోపం ఎక్కడుంది?

యూరప్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన టీమ్ కింది డివిజన్‌కి పడిపోతుంది. దాన్నే రెలిగేషన్ అంటారు. ఆ భయంతో చివరి మ్యాచ్ దాకా ఆట వేడిగా ఉంటుంది. మన దగ్గర 8 పాయింట్లతో అట్టడుగున ఉన్నా హైదరాబాద్ లీగ్‌లోనే కొనసాగింది. గెలిచినా ఓడినా అప్పట్లో సీటు పదిలంగానే ఉండేది. కానీ డబ్బు అయిపోతే మాత్రం ఊరే మారిపోతుంది. అంటే క్లబ్ భవిష్యత్తుని గ్రౌండ్‌లో ఆట తేల్చట్లేదు, యజమాని ఖాతా తేలుస్తోంది. ఇక గోల్ కొడితే చప్పట్లు కొట్టే ఫ్యాన్‌కి అక్కడ పనేముంది?

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్త కాదు

ఇక్కడ క్రికెట్ తప్ప ఏదీ నడవదు అనేవాళ్లకి ఒక్క పేరు చాలు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్. ఆ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు. అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఈ కథ తెలిసే ఉంటుంది.

2024లో ఇదే గచ్చిబౌలిలో భారత జట్టు మారిషస్, సిరియా, మలేసియాలతో మూడు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడింది. అప్పుడు కోచ్ ఎవరో తెలుసా? మనకు కప్పు తెచ్చిపెట్టిన మార్క్వెజే.

నమ్మకం తిరిగి రావాలంటే?

ఇలాంటి దెబ్బ తిన్నది మనమొక్కళ్లమే కాదు. 2002లో ఇంగ్లండ్‌లోని వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్ అనే వేరే పట్టణానికి తరలించేందుకు అనుమతిచ్చారు. ఫ్యాన్స్ ఒప్పుకోలేదు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్ పెట్టుకుని, అట్టడుగు స్థాయి నుంచి మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లలో, అంటే 2011లో, ప్రొఫెషనల్ లీగ్‌లోకి ఎక్కారు. కింద నుంచి పైకి దారి ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

మన దగ్గరా ఆ దారి కొంత తెరుచుకుంది. ఐ-లీగ్ గెలిచిన పంజాబ్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్‌లు ఐఎస్ఎల్‌లోకి వచ్చాయి. హైదరాబాద్‌కే చెందిన శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 ఐ-లీగ్ సీజన్లలో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. ఇంకొక్క మెట్టు ఎక్కితే పై లీగ్‌లో ఉండేది.

ఫ్యాన్స్‌కి కావాల్సింది పెద్ద పెద్ద స్టార్లు కాదు. సీజన్ ఎప్పుడు మొదలవుతుందో ముందే తెలియాలి. ఆటగాడికి నెల తిరిగేసరికి జీతం పడాలి. జీతాలివ్వని క్లబ్‌కి లైసెన్స్ ఇవ్వకూడదు. ఊరు మార్చాలంటే యజమాని ఒక్కడి సంతకం సరిపోకూడదు.

అవేవీ లేకుండా రేపు మళ్లీ ఎవరో వచ్చి హైదరాబాద్ పేరుతో కొత్త జెర్సీ అమ్మొచ్చు. అప్పుడు ఫ్యాన్ అడిగే మొదటి ప్రశ్న "కప్పు కొడతారా?" అని ఉండదు. "ఎన్నాళ్లుంటారు?" అనే ఉంటుంది.