అమీర్‌పేటలో అద్దె ఏ అడుగుకు?

ఇల్లు వెతికేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని చదరపు అడుగులని. ఆ లెక్కన హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్ట నష్టపు బేరమే. ఊరి అంచుల్లో లిఫ్టూ, కారు పార్కింగూ ఉన్న కొత్త ఫ్లాటు దొరికే డబ్బుకు ఇక్కడ పక్క బిల్డింగు గోడకు ఆనుకున్న బాల్కనీతో సరిపెట్టుకోవాలి. అయినా ఇక్కడి కిరాయిలో కొంత భాగం గేటు దాటాక వేసే అడుగులకు పోతుందని గుర్తుంచుకుంటే లెక్క మారిపోతుంది. ఊరి చివర ఇంటద్దె నాలుగు వేలు తక్కువనుకుందాం. బండి వాయిదా, పెట్రోలు, సర్వీసింగు, వానరోజు ఆటో కలిపితే ఆ నాలుగు వేలు నెల తిరక్కుండానే కరిగిపోతాయి. రోడ్డు మీద పోయే గంటలకు లెక్కే ఉండదు.

2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడే మియాపూర్, నాగోల్ దారులు అమీర్‌పేటలో కలిశాయి. 2018లో ఎల్బీనగర్, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం తోడయ్యాయి. ఇటు ఆఫీసుకూ అటు సొంతూరికి వెళ్లే బస్సు దగ్గరకూ ఇక్కడి నుంచి రైలు మారకుండానే పోవచ్చు. అయితే ఒక్క మెట్రోతోనే నడిచి బతకగలిగే పేట తయారవదు. స్టేషను మియాపూర్‌లోనూ ఉంది. అమీర్‌పేటను అలా మార్చింది కోచింగ్ సెంటర్లు. మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుంచీ పిల్లలు వచ్చారు. వాళ్ల కోసం హాస్టళ్లు, హాస్టళ్ల వెంట టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపులు, ఇస్త్రీ బండ్లు వచ్చాయి. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉండటంతో మందుల షాపులూ వెలిశాయి. రాత్రి పదింటికి పప్పూ పెరుగూ దొరికే వీధి ఏ ప్లానింగు ఆఫీసులోనూ పుట్టలేదు. వేల మంది జేబుల్లోని చిల్లర దాన్ని నడుపుతోంది.

ఈ రద్దీయే అసలు బాధ అంటారు చాలామంది. ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అని బోర్డు కట్టే ఓనర్ల భయమూ అదే. చప్పుడు నిజమే, నిద్ర పట్టని రాత్రులూ నిజమే. కానీ హాస్టళ్లు పోతే కర్రీ పాయింటు నెల కూడా నిలవదు. కింద షాపులూ పైన ఇళ్లూ, రకరకాల వేళల్లో మనుషులూ ఉన్న వీధి భద్రంగా ఉంటుందని నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ 1961లో న్యూయార్క్ వీధులను చూసి వాదించారు. షట్టరు దించే దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చునే కిరాణా షాపాయన చూపు అపార్ట్‌మెంటు సీసీ కెమెరాకు ఏమీ తీసిపోదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఫుట్‌పాత్‌ది. దీనికి నా దగ్గర సర్దిచెప్పే జవాబు లేదు. మోకాలెత్తున మొదలైన ఫుట్‌పాత్ పది గజాలకే ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలి ఆగుతుంది. అక్కడ దిగితే పానీపూరీ బండి, దాటితే అడ్డంగా పెట్టిన బైకులు, ఆపైన ఎదురు వచ్చే ఆటో. గట్టి వాన పడితే మైత్రీవనం దగ్గర నీళ్లు నిలుస్తాయి. కర్ర పట్టుకు నడిచే పెద్దవాళ్లకు, స్ట్రోలర్‌లో పిల్లను తీసుకెళ్లే తల్లికి ఈ ‘దగ్గర’ దగ్గర కాదు. అందుకే మెట్రోకు అయిదు నిమిషాలే అని బ్రోకర్ అంటే ఎవరి కాళ్లతోనని అడగాలి.

కాగితాల సంగతి కొద్దిగా. ఏడాది దాటే అద్దె ఒప్పందాన్ని 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. అందుకే అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. అడ్వాన్సులోంచి పెయింటింగ్ కింద ఎంత కోస్తారో అందులోనే రాయించుకోవాలి. మంజీరా నీళ్లు ఎన్నాళ్లకోసారి వదులుతారో ఓనరును కాకుండా వాచ్‌మన్‌ను అడగండి. అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు, ఓ పనిరోజు సాయంత్రం ఏడింటికి ఆ గేటు నుంచి మెట్రో మెట్ల దాకా ఒకసారి నడిచి చూడండి.