ఇవ్వాలంటే ముందు మనకు ఉండొద్దూ!

కాన్పు కష్టమైతే రక్తం ఎక్కించాల్సి వచ్చేది ఆడవాళ్లకి. ఇవ్వడానికి వరసలో నిలబడేవాళ్లలో మాత్రం ఎక్కువమంది మగవాళ్లే. ‘అమ్మో, సూదంటే భయం’ అనే ఇల్లాళ్లు కొందరైతే, ధైర్యం చేసి వచ్చి ‘మీకే రక్తం తక్కువగా ఉందమ్మా’ అనిపించుకుని తిరిగి వెళ్లేవాళ్లు ఇంకొందరు. కాలనీలో రక్తదాన శిబిరం పెట్టాలనుకునే మహిళా మండలి ముందుగా ఆలోచించాల్సింది ఈ రెండో రకం వాళ్ల గురించే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. మరి ఉత్సాహంగా వచ్చినవాళ్లలో సగం మంది వెనుదిరిగితే ఆశ్చర్యమేముంది?

మూడు నెలల ముందే...

అందుకే శిబిరం పని మూడు నెలల ముందే మొదలుపెట్టండి. ఇవ్వాలనుకునే వాళ్లందరూ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. తక్కువ ఉంటే కారణమేమిటో, ఐరన్ మాత్రలు ఎన్నాళ్లు వాడాలో డాక్టరే చెప్పాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ సంగతీ దాచకండి. తోటకూర, మునగాకు, రాగులు, నువ్వులు, పప్పులు తినండి. అన్నంలో ఇంత నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీ తాగితే అది తగ్గుతుంది. అన్నిటికన్నా ముందు, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే మన వాటా అనుకోవడం మానాలి!

ఏర్పాట్లు ఇలా

ప్రభుత్వాసుపత్రి రక్తనిధి కేంద్రాన్ని గానీ, రెడ్‌క్రాస్‌ని గానీ కనీసం నెల ముందు కలవండి. డాక్టరు, సిబ్బంది, సంచులు, సూదులు వాళ్లే తెచ్చుకుంటారు. గాలీ వెలుతురూ ఉన్న హాలు, కరెంటు, మంచినీళ్లు, మరుగుదొడ్డి, పళ్లరసం, బిస్కెట్లు చూడాల్సింది మనం.

తేదీ కూడా వాళ్లనడిగే పెట్టుకోండి. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులే నిలవుంటాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలో దాతలు తగ్గుతారు. కాబట్టి ఒక్కరోజు వందలమందిని పోగుచేసి ఏడాదంతా ఊరుకునే కన్నా, కొద్దిమందితోనైనా మూడు నాలుగు నెలలకోసారి జరపడం మేలు. మగవాళ్లు 3 నెలలకు, ఆడవాళ్లు 4 నెలలకు మళ్లీ ఇవ్వచ్చు.

ఇంటింటికీ వెళ్లినప్పుడు

‘నెత్తురు పోతే నీరసం రాదూ?’ అని అడిగేవాళ్లుంటారు. తీసేది 350 మిల్లీలీటర్లేననీ, 55 కిలోలు దాటినవాళ్ల దగ్గర 450 దాకా తీయవచ్చనీ చెప్పండి. అందులో నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది, ఎర్రకణాలకు కొన్ని వారాలు పడుతుంది. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆ రోజు నెలసరిలో ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. ఎవరూ ఖాళీ కడుపుతో రాకూడదు.

బహుమతులనీ, డబ్బులనీ ఆశ చూపకండి. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్ముకోవడం నిషిద్ధం.

ఇంకో సంగతి. డాక్టరు వద్దన్నవాళ్లను ‘ఎందుకొద్దన్నారు?’ అని నలుగురిలో ఆరా తీయకండి. కాలనీలో అలాంటి మాటకు కాళ్లొస్తాయి. ఆ భయం ఉంటే దరఖాస్తులో నిజం రాయడానికి జంకుతారు. సేకరించిన రక్తానికి ఎయిడ్స్, కామెర్ల వైరస్‌ల పరీక్షలు చేసినా, కొత్తగా సోకిన జబ్బు ఒక్కోసారి దొరకదు. దాత చెప్పే నిజమే అక్కడ రోగికి రక్ష.

ఇచ్చినవాళ్లు పావుగంట విశ్రాంతి తీసుకోవాలి. ఆ రోజు నీళ్ల బిందెలు, గ్యాసు బండలు మోయకూడదు. ఆ పనులు శ్రీవారికి అప్పగించేయండి!

శిబిరం ముగిశాక ఎన్ని సంచులు వచ్చాయో అందరూ లెక్క చూస్తారు. పోయినసారి రక్తం తక్కువై వెనుదిరిగిన ఇల్లాళ్లలో ఈసారి ఎంతమంది ఇవ్వగలిగారో, పేర్లు లేకుండా ఆ లెక్క కూడా రాసుకోండి. ఆ అంకె పెరిగితే ఆసుపత్రికే కాదు, మన ఇళ్లకూ రక్తం వచ్చినట్టే.