చెంచాలో నిలుచు అన్నము

పసిబిడ్డ నోటికి తొలిముద్ద నందించు దినము మన యిండ్లలో పండుగ దినము. వెండిగిన్నెలో పరమాన్నము, చుట్టును ముత్తైదువులు, బిడ్డ యెదుట పుస్తకమును, కలమును, బంగారమును ఉంచి యేది ముట్టుకొనునో యని చూచు వేడుక - వీనిని గూర్చి మా సోదరీమణులకు మేము చెప్పవలసిన దేమియు లేదు. కాని యా పండుగ మరునాటి నుండి బిడ్డకేమి పెట్టవలయునను విషయము పెక్కు గృహములలో ఆలోచనకు రాకయే యుండును. పరమాన్నపు వేడుక ముగిసిన పిదప కొన్నాళ్లు పప్పుకట్టు, కొన్నాళ్లు చారునీళ్లు, మధ్యమధ్య గంజితేట, ఏడ్చినప్పుడు పాలలో నానిన బిస్కత్తు - ఇదియే చాలయిండ్లలో పసివాని భోజనము. బొజ్జ నిండినట్లే కనబడును. తల్లియు తృప్తి నొందును. నెలలు గడచినకొలది బిడ్డ తూనికలో వెనుకబడుట మాత్రము ఆమెకు కారణము తెలియని దుఃఖ మగును.

ఈ వ్యాసమున మేము ముఖ్యముగా మనవి చేయదలచిన దొక్కటే. ఆరు మాసములు నిండిన బిడ్డకు పాలతోబాటు పెట్టు అన్నము చిక్కనిదై యుండవలయును. పాలను వెడలగొట్టునది కాక పాలకు తోడుపడునదై యుండవలయును.

ఎప్పుడు మొదలిడవలెను?

తొలి 6 మాసములు తల్లిపాలే శిశువునకు అన్నమును, నీరును. ఎండకాలమున సైతము వేరుగా మంచినీ రక్కరలేదు. మునుపు వైద్యులు 4 నుండి 6 మాసముల నడుమ అన్నము మొదలిడవచ్చునని చెప్పుచుండిరి. 2001వ సంవత్సరమున ప్రపంచారోగ్యసభ 6 మాసములు నిండు వఱకు తల్లిపాలు మాత్రమే యిచ్చుట శ్రేష్ఠమని నిర్ణయించినది.

ఆరు మాసముల పిమ్మట పాలు చాలకుండుట పాలు చెడినందున గాదు, బిడ్డ పెరిగినందున. అన్నిటికంటె ముందుగా కొఱవడునది యినుము. నెలలు నిండి పుట్టిన బిడ్డ గర్భమునందే తల్లి యొద్దనుండి కొంత యినుమును కూడబెట్టుకొని వచ్చును. ఆ నిలువ సుమారు 6 మాసములకు తరిగిపోవును. తల్లిపాలలో నినుము మిక్కిలి స్వల్పము. కావున అటుపిమ్మట కావలసిన యినుము దాదాపుగా నంతయు అన్నమునుండియే రావలయును. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 6 నెలలకు పైబడి 5 ఏండ్లలోపు పిల్లలలో నూటికి 67 గురు రక్తహీనులని తేలినది. ఈ సంఖ్య వెనుక తొలి యేటి గిన్నె కథయు కొంత గలదు.

మన యాచారములో మగబిడ్డకు సరినెలలయందును, ఆడుబిడ్డకు బేసినెలలయందును అన్నప్రాశనము జరుపుదురు. ఆచారమును మేమాక్షేపింపము. కాని ఆకలికి ఆడు మగ భేదము లేదు. ఆడుబిడ్డ వేడుకను అయిదవ నెలలో తొందరపడి జరుపక యేడవ నెలలో జరిపినచో ఆచారమును నిలుచును, 6 మాసములును నిండును. మగబిడ్డ ముహూర్త మెనిమిదవ నెలకు జరిగినచో వేడుక యప్పుడే జరుగుగాక. బిడ్డ అన్నము మాత్రము అంతవఱకు ఆగరాదు. మెడ నిలుపుట, ఆనించి కూర్చుండబెట్టిన కూర్చుండుట, పెద్దల కంచము వంక చేయి చాచుట - ఇవి బిడ్డ సిద్ధముగా నున్నదనుటకు గుర్తులు.

పలుచన చేయు మోసము

ఏడు కిలోల బరువున్న బిడ్డ కడుపులో నొకమారు పట్టునది సుమారు 200 మిల్లీలీటరులు, అనగా మంచినీళ్ల గ్లాసెడు మాత్రమే. ఆ చిన్నచోటును దేనితో నింపుచున్నామన్నదే ప్రశ్న. తల్లిపాలు 100 మిల్లీలీటరులలో సుమారు 65 కేలరీల శక్తి గలదు. పప్పుకట్టులో నున్నది మిక్కిలిగా నీరే. పప్పులోని సారము గిన్నె యడుగున నిలిచి పెద్దల విస్తరిలోనికి పోవును. అట్టి నీటితో కడుపు నింపినప్పుడు బిడ్డ అంతకంటె బలమైన పాలను త్రాగజాలక విడుచును. అన్నము పెట్టితిమనుకొన్న తల్లి నిజమునకు బిడ్డ ఆహారమును తగ్గించిన దగుచున్నది! అదే చోటున మెత్తగా మెదిపిన వరియన్నము 100 గ్రాములున్నచో సుమారు 130 కేలరీలు. దానిపై చిన్నచెంచాడు నేయి, అనగా 5 గ్రాములు, వేసినచో మఱి 45 కేలరీలు చేరును.

తల్లిపాలు త్రాగుచున్న బిడ్డకు అన్నమునుండి దినమునకు కావలసినది 6 నుండి 8 నెలలలో సుమారు 200 కేలరీలు, 9 నుండి 11 నెలలలో 300, ఏడాది మొదలు రెండేండ్ల వఱకు 550. ఈ లెక్కలను ప్రతి తల్లియు కంఠస్థము చేయ నక్కరలేదు. ఒక్క పరీక్ష చాలును. చెంచాడు ఆహారమును తీసి చెంచాను కొంచెము వంచి చూడుడు. నీటివలె జారిపోయినచో అది పానీయము. చెంచాను విడువక నిలిచి, మెల్లమెల్లగా జారినచో అది అన్నము.

పలుచని జావ చేయు కీడు మన దేశమునకే పరిమితము గాదు. ఆఫ్రికాలో నేడు ఘనా యని పిలువబడు గోల్డుకోస్టునందు పనిచేసిన సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు, మొక్కజొన్న యాహారముపై పెరుగుచున్న శిశువులకు కాళ్లు వాచుట, చర్మము చెడుట చూచి 1933లో ఆ వ్యాధిని వర్ణించెను. 1935లో ఆమె దానికి అచటివారి మాటనే పేరుగా నిలిపెను: క్వాషియోర్కరు. వెనుక బిడ్డ కలుగగా తల్లి చనునుండి తొలగింపబడిన ముందుబిడ్డకు వచ్చు జబ్బని గా భాషలో దాని భావము. అట్టి జబ్బునకు కారణములు పెక్కని నేటి వైద్యులు చెప్పుదురు. అయినను పాలు పోయి, దాని స్థానమున సారములేని జావ వచ్చిన బిడ్డ యెంతటి యాపదలో నుండునో ఆ పేరే చాటుచున్నది.

వండు విధము

దీనికి వేరు వంట యక్కరలేదు. మూడుపాళ్లు బియ్యము, ఒకపాలు పెసరపప్పు చేర్చి మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, నేయి వేయుడు. ఉడుకునప్పుడే కొంచెము తోటకూరయో, గుమ్మడి ముక్కయో, మునగాకో చేర్చుడు. ఇంటివారి పప్పులో ఉప్పుకారములు వేయకముందే బిడ్డపాలు తీసియుంచిన శ్రమయు తగ్గును. మాంసాహారుల యిండ్లలో బాగుగా ఉడికిన గ్రుడ్డు, ముండ్లు తీసిన చేప, మెత్తగా నలిపిన కార్జము ఆరు నెలలు నిండినది మొదలు పెట్టవచ్చును. ఇనుమున కివి యుత్తమములు. శాకాహారులు పప్పులు, ఆకుకూరలు, నువ్వులపొడి, పెరుగు మార్చి మార్చి పెట్టవలయును. పప్పన్నములో నాలుగు చుక్కల నిమ్మరసము పిండినను, వెంట జామపండు గుజ్జు పెట్టినను అందలి యినుము ఒంటికి బాగుగా పట్టును. తేనీరు దీనికి విరోధి. పసివారికి తేనీటిలో ముంచిన బిస్కత్తు పెట్టు అలవాటు ఈ కారణమున మానదగినది.

చిక్కని జావ బిడ్డకు మింగుడుపడదని కొందఱి సందేహము. దీనికి మన పెద్దల వంటయింటనే చక్కని యుపాయ మున్నది. రాగులు - కొందఱు చోళ్ళందురు, తెలంగాణమున తైదలందురు - ఒకరాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, ఒకటి రెండు దినములు మొలకెత్తనీయుడు. పిదప ఆరబెట్టి, మొలకలను నలిపి తీసివేసి, పిండి విసరి జల్లించి యుంచుకొనుడు. మొలకెత్తు గింజలో పిండిపదార్థమును విడగొట్టు నొక గుణము పుట్టును. చిక్కగా కాచిన జావ కొంచెము చల్లారిన పిమ్మట ఈ మొలకపిండి చెంచాడు కలిపినచో కొద్ది నిమిషములలోనే జావ నీరు పోయకయే మెత్తబడి జారుగా మాఱును. సారము తగ్గదు, మ్రింగుటయు సులభమగును. అటుపిమ్మట దానిని మరల నొక పొంగు రానిచ్చి పెట్టవలయును. పిండిని మిక్కుటముగా వేయించినచో ఈ గుణము నశించునని గుర్తుంచుకొనుడు.

క్రమము

తొలిదినములలో పూటకు రెండు మూడు చెంచాలు, దినమునకు రెండుమారులు చాలును. క్రమముగా పెంచి 8వ నెల నాటికి 250 మిల్లీలీటరుల గిన్నెలో సగము వఱకు రెండు మూడు మారులు పెట్టుడు. 9వ నెల మొదలు మూడు నాలుగు మారులు. మెత్తని ముద్దలు, చేత పట్టుకొని తిను ఉడికిన ముక్కలు నలవరచుడు. ఏడాది నిండిన బిడ్డ ముప్పాతిక గిన్నె మొదలు నిండుగిన్నె వఱకు తిని, ఇంటివారి అన్నమే తినవలయును. ఇంతకాలమును పాలు మానరాదు. బిడ్డ అడిగినప్పుడెల్ల, రాత్రులయందును, చనుబాలిచ్చుచు రెండేండ్లును, అంతకు పైనను కొనసాగింపవచ్చును. ఆవుపాలు, గేదెపాలు ఇనుమునందు బీదవి. అన్నమునకు మారుగా వానితో కడుపు నింపరాదు.

తొలి చెంచాడు నోటబెట్టగనే బిడ్డ నాలుకతో బయటికి నెట్టును. అది రుచింపక చేసినపని గాదు. చను కుడుచుటకు అలవడిన నాలుక కింకను మ్రింగు నేర్పు రాలేదు. క్రొత్త రుచి నొకనాడు నిరాకరించినచో మరల కొన్ని దినముల కిచ్చి చూడుడు. ఎనిమిది పదిమార్లు చూచినగాని అంగీకరింపని పిల్లలు గలరు. ముక్కు మూసి, కాళ్లు పట్టి బలవంతముగా పోయుట మాత్రము కూడదు. అది పొరపోవుటకును, అన్నమన్న భయపడుటకును కారణమగును.

వర్జింపవలసినవి

ఏడాది లోపల తేనె నాకింపరాదు. అందుండగల యొకవిధమైన సూక్ష్మజీవి బీజములు పసివారి ప్రేవులలో విషమును పుట్టింపగలవు. ఏడాది లోపల ఉప్పు, రెండేండ్ల లోపల చక్కెర వేయకుండుట మేలు. వేరుసెనగగింజలు, సెనగలు, ద్రాక్షపండ్లు వంటివి నిండుగా ఇచ్చినచో గొంతున కడ్డుపడును. వేరుసెనగను మెత్తగా నూరి అన్నములో కలిపి యిచ్చుట వేఱు, అది మేలే. పడని పదార్థములను ఆలస్యముగా నిచ్చిన రక్షణ కలుగునని పూర్వము తలంచుచుండిరి. 2015లో ప్రకటింపబడిన లండను పరిశోధన యొకటి, అపాయ మెక్కువగానున్న శిశువులలో వేరుసెనగను తొలియేటనే అలవరచుట వలన అది పడకపోవు వ్యాధి మిక్కిలి తగ్గునని చూపినది. అయితే తీవ్రమైన గజ్జి గల బిడ్డ విషయమున ముందుగా వైద్యుని సలహా గొనవలయును.

డబ్బాలలో వచ్చు శిశ్వాహారములను గూర్చి రెండు మాటలు. రెండేండ్లలోపు శిశువుల యాహారములకును, పాలపొడులకును, పాలసీసాలకును ప్రకటనలు చేయరాదని మన దేశమున 1992లో చట్ట మేర్పడి, 2003లో సవరింపబడినది. ఇంట పప్పు, బియ్యము, నేయి యున్నవారు డబ్బా లేదని చిన్నబుచ్చుకొన నక్కరలేదు. పాలసీసా కంటె గిన్నెయు చెంచాయు శుభ్రపఱచుట సులభము.

వండుటకు ముందును, పెట్టుటకు ముందును చేతులు సబ్బుతో కడుగవలయును. వండినది రెండు గంటలు మించి బయట నుంచి మరల పెట్టరాదు. విరేచనములైనప్పుడు కడుపు మాడ్చుట పెక్కిండ్ల యలవాటు. ఇది మిక్కిలి హానికరము. ఓ.ఆర్.ఎస్. ద్రావణమిచ్చుచు, పాలును, మెత్తని అన్నమును కొంచెము కొంచెముగా పలుమార్లు ఇచ్చుచు, జబ్బు తగ్గిన పిదప రెండువారములు దినమున కొకపూట అధికముగా పెట్టవలయును.

బిడ్డకు వేరుగిన్నె

కడపటి మనవి యొకటి. తల్లి కంచములోనుండియే పసివానికి ముద్దలు తినిపించు నింట బిడ్డ ఎంత తిన్నదో ఎవరికిని తెలియదు. బిడ్డకొక చిన్నగిన్నె వేరుగా నుంచుడు. నిన్న సగము, నేడు ముప్పాతిక యని తల్లియు, అత్తగారును, అమ్మమ్మయు కన్నులార చూడగలరు. నెలకొకమారు అంగన్వాడీ కేంద్రమున బిడ్డను తూచి ఆ లెక్కతో ఈ లెక్కను సరిచూచుకొనుడు.

2019-21 సర్వేలోనే 6 నుండి 23 నెలల పిల్లలలో చాలినంత, తగినన్ని రకముల ఆహారము పొందుచున్నవారు నూటికి సుమారు 11 గురని కనబడినది. ఇది కేవలము పేదరికము చేసినపని గాదు. నిండుగాదెలున్న యిండ్లలోను పప్పుకట్టు గిన్నెయే పసివాని ముందుండుట మన మెఱిగినదే. పప్పు యడుగున, బిడ్డ యెదుట నీరు! గరిటె చేతనున్నది మనమే గనుక ఆ పప్పును పైకి తీసి, మెదిపి, నేయి వేసి, ముందుగా బిడ్డ గిన్నెలో నుంచుదము. పెద్దలు చారుతో నొకపూట గడుపగలరు. ఎదుగుచున్న బిడ్డ గడుపలేదు.